నల్లబడిన అరకు టికెట్టు

అరకు నుంచి విశాఖకు తిరిగివచ్చిన బస్సు టికెట్టు ఈమధ్య ఓ రాత్రి నా కళ్లెదుటే బొగ్గులా నల్లబడిపోయింది. నాన్నగారు దాన్ని తమ కళ్లజోడు పెట్టెలో రెండేళ్లు భద్రంగా దాచి, ప్రయాణపు గుర్తులను పలక మీద అంటించి నేను చేస్తున్న కొలాజ్ కోసమే నా చేతికి ఇచ్చారు. అందుకే ఆ బాధ ఇంకా తగ్గలేదు.

పన్నెండు అంగుళాలకు పదహారు అంగుళాల ఎం.డి.ఎఫ్. (చెక్కపొడిని అదిమి చేసిన) పలక మీద బొర్రా గుహల ప్రవేశ టికెట్టు, కాఫీ పొట్లం ముక్క, ఏటికొప్పాకలో ఏరుకున్న లక్క పొట్టు చక్కగా కుదిరాయి. ఆర్టీసీ టికెట్టునూ ఫెవికాల్‌తోనే అంటించాను. మర్నాటికి అక్షరాలు చెక్కుచెదరలేదు. ఆ తరువాత అడుగు దూరం నుంచి స్ప్రే వార్నిష్ ఒక్క పూత కొట్టగానే అంచుల్లో బూడిద రంగు మొదలై, పది నిమిషాల్లో లోపలికంతా పాకి, ఊరి పేరు, ఛార్జీ, తేదీ అన్నీ ఆ నలుపులోనే కలిసిపోయాయి.

పాత టికెట్లు ఐదు తీసుకుని మళ్లీ పరీక్షించాను. వెనకవైపు మాత్రమే చిక్కటి ఫెవికాల్ రాసినది బాగుంది. రెండు పాళ్ల ఫెవికాల్‌కు ఒక పాలు నీళ్లు కలిపి ముందువైపు కూడా పూసినది మూడో రోజుకు కాస్త వెలిసింది. నేరుగా స్ప్రే కొట్టినది అర నిమిషంలో నల్లబడింది. నాలుగంగుళాల దూరం నుంచి హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలించినది నిమిషానికే మసకబారింది. ముందు ఫెవికాల్ పూసి, రోజంతా ఆరబెట్టి, ఆపైన స్ప్రే కొట్టిన ఐదోదాని మీద మాత్రం గసగసాలు చల్లినట్టు నల్లని చుక్కలు లేచాయి.

ఈ టికెట్లు థర్మల్ కాగితం మీద అచ్చవుతాయి. రంగులేని అద్దకపు పదార్థం, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణం గల పదార్థం కాగితం పైపూతలో విడివిడిగా ఉంటాయి. వేడికి కరిగి అవి కలిసినచోట నలుపు వస్తుంది. వార్నిష్‌లోని ద్రావకం వేడి లేకుండానే వాటిని కలిపేస్తుంది. గసగసాల చుక్కలు మాత్రం ఫెవికాల్ పొర పలచబడినచోట ద్రావకం దూరినందువల్ల వచ్చాయని నా అనుమానం. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఈ తేమలో ఒక్క రోజులో పొర పూర్తిగా ఆరిందని నమ్మడం నా పొరపాటే కావచ్చు. ఏమైనా కాగితం పనికి నీళ్లతో పలచబరిచే జిగురే మేలు. స్ప్రేల మీద నాకు నమ్మకం పోయింది.

ఇకపై థర్మల్ టికెట్టు దేన్నైనా ముందుగా లేజర్ జిరాక్స్ తీయించి, ఆ ప్రతినే అంటిస్తాను. మెత్తటి ప్లాస్టిక్ కవరు అక్షరాలను తినేస్తుంది కాబట్టి అసలు టికెట్టును కాగితపు కవరులో పెట్టి పలక వెనుక అమరుస్తాను. తరువాతి పలక భీమిలి దారిది. ఎర్రమట్టి దిబ్బల రంగు అందులో తప్పక కావాలి. అయితే అది కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం కాబట్టి అక్కడి మట్టిని ముట్టుకోను. బజారులో దొరికే కావిరంగు పొడిని ఫెవికాల్‌లో కలిపి, ఆదివారం నాలుగు ఛాయలు పరీక్షిస్తాను.