మారుతి మనదే అంటారు, మరి ఫారిన్ బండి ఏది?

మా మిర్యాలగూడలో ఎవరినైనా ఆపి మారుతి ఏ దేశం కంపెనీ అని అడగండి, మిమ్మల్నే ఎగాదిగా చూస్తారు. మనదే కదా అంటారు. 1983 చివర్లో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు అది ప్రభుత్వ కంపెనీయే, జపాన్ సుజుకీది అప్పట్లో 26 శాతం వాటా. 2002లో పెత్తనం సుజుకీ చేతికి పోయింది, 2007కల్లా ప్రభుత్వం మిగిలింది కూడా అమ్ముకుని పక్కకు తప్పుకుంది. అంటే లెక్క ప్రకారం ఫారిన్ కంపెనీ. కానీ ఇక్కడ ఫారిన్ బండి అంటే ఇన్నోవా, ఫార్చునర్, లేదంటే బెంజ్.

అసలు సిసలు దేశవాళీ కంపెనీలు టాటా, మహీంద్రా. వాటికేమో మొన్నమొన్నటి దాకా పరువు లేదు. 1998లో ఇండికా వచ్చినప్పుడు మన దేశంలోనే తయారైన కారు అని గొప్పగా చెప్పుకున్నారు, తీరా కొన్నవాళ్లు రిపేర్లతో విసిగిపోతే 2001లో సరిచేసి వీ2 అని మళ్లీ దించారు. అది బాగానే నడిచింది, కాకపోతే అప్పటికే టాక్సీ బండి అని పేరు పడిపోయింది, ఇంటి ముందు పెట్టుకోవడానికి జనం సిగ్గుపడ్డారు. మహీంద్రా అంటే కమాండర్ జీపు, బొలెరో, పోలీస్ స్టేషన్, లీడర్లు. గట్టిదనానికి వంక పెట్టినవాళ్లు లేరు, కానీ పెళ్లిలో కారు పెట్టమని అడిగేవాళ్లు మాత్రం స్విఫ్ట్ అనే అడిగేవాళ్లు (ఆ అడగడం వేరే రోగం, దాని గురించి ఇంకోసారి).

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అని కార్ల సేఫ్టీని పరీక్షించి ఐదుకి ఇన్ని స్టార్లని ఇచ్చే సంస్థవాళ్లు మన దగ్గర అమ్మే కార్లను తీసుకెళ్లి గుద్ది చూశారు. నానోకి సున్నా, ఆల్టోకి సున్నా, ఐ10, ఫిగో, పోలో అన్నిటికీ సున్నానే! కొన్ని నెలలకు స్విఫ్ట్‌కి కూడా అదే. అప్పట్లో యూరప్‌లో అమ్మే స్విఫ్ట్‌కి ఎయిర్‌బ్యాగులు కంపెనీయే పెట్టి ఇచ్చేది, మనకు అమ్మే బేస్ మోడల్‌లో ఒక్కటీ ఉండేది కాదు. ఫారిన్ క్వాలిటీ అని మనం మురిసిపోయింది దీన్ని చూసే. నాలుగేళ్ల తర్వాత, 2018 డిసెంబర్‌లో, ఇండియాలో తయారైన బండికి మొదటిసారి ఐదు స్టార్లు వచ్చాయి, అది టాటా నెక్సాన్. 2020లో మహీంద్రా ఎక్స్‌యూవీ300కి వచ్చాయి. చౌటుప్పల్, చిట్యాల మీదుగా 65వ నంబరు హైవే మీద రోజూ తిరిగేవాళ్లకు ఇదేం చిన్న సంగతి కాదు, ఆ రోడ్డు మీద నుజ్జయిన బండ్లను అందరం చూసినవాళ్లమే. ఇప్పుడు టీ హోటల్ దగ్గర కూడా మైలేజీ ఎంత అనే ముందు స్టార్లు ఎన్ని అని అడుగుతున్నారు. మారుతి కూడా దిగిరాక తప్పలేదు, 2024లో డిజైర్‌తో ఐదు తెచ్చుకుంది. మన కంపెనీలు పోటీ పెట్టకపోతే అది జరిగేది కాదని నా నమ్మకం.

అయితే రేకు గట్టిగా ఉంటే క్వాలిటీ వచ్చేసినట్టు కాదు. మా బావమరిది దేశవాళీ బండే కొన్నాడు, కంపెనీ పేరు వద్దులెండి. ఇంజన్‌కి ఏ ఢోకా లేదు, స్క్రీన్ మాత్రం ఉన్నట్టుండి నల్లబడుతుంది, రివర్స్ కెమెరా దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే రోజుల తరబడి పెట్టుకుని చివరికి అప్‌డేట్ వచ్చేదాకా ఆగండి సార్ అన్నారు. మా షెడ్డు మెకానిక్ మాట ఇంకా సూటిగా ఉంటుంది: "బాడీ గట్టిదే అన్నా, కాదంటలేను. సెన్సార్ల పంచాయితీ వస్తే నేను చెయ్యి పెట్టలేను. ఆల్టో సామాన్లయితే దేవరకొండల కూడా దొరుకుతయ్."

మా దిక్కు బండికి పేరు వచ్చేది ఇక్కడే, షెడ్డులో, పాత బండ్ల బేరంలో. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాకి కూడా కొనేవాడు దొరుకుతాడు. ఫోర్డ్ నడిపినవాళ్లు ఆ స్టీరింగ్‌ని ఇప్పటికీ పొగుడుతారు, కానీ 2021లో కంపెనీ ఇక్కడ తయారీ ఆపేస్తామన్నాక అమ్మబోతే "కంపెనీయే లేదు కదా" అంటూ బేరం మొదలవుతుంది. బండి మారలేదు, పేరు పోయింది. ఇంకో విచిత్రం గ్లాంజా. అది మారుతి బాలెనోనే, సుజుకీ ఫ్యాక్టరీలోనే తయారై టొయోటా బ్యాడ్జి తగిలించుకుని వస్తుంది, అయినా "టొయోటా క్వాలిటీ వేరు బ్రో" అని నాకు క్లాస్ పీకినవాళ్లున్నారు.

నేనైతే ఈసారి మన కంపెనీ బండే తీసుకుంటా. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది మాత్రం ముట్టుకోను, ఆ కంప్లైంట్లేవో ముందు కొన్నవాళ్లే తేల్చుకోనీ.