బయలుదేరేనాటి నియమం, చేరేనాటి నియమం

పోయిన ఆదివారం పొద్దున పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి డెబ్బై ఏళ్ల పెద్దమ్మ ఒకరు హన్మకొండలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆమె కోడలు ఒకప్పుడు జూనియర్ కళాశాలలో నా దగ్గర పౌరశాస్త్రం చదువుకుని, తరువాత నర్సింగు పూర్తిచేసి, ఇప్పుడు ఇంగ్లండులో ముసలివారిని చూసుకునే పనిలో ఉన్నది. పెద్దమ్మ బట్టల దుకాణం సంచిలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఏజెంటుకు 15 లక్షలు ముట్టినట్లు రాసిన చిట్టీ, రెండోది 10 లక్షల అప్పుకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు నకలు, మూడోది కోడలు ఫోనుకు పంపగా జిరాక్సు సెంటరులో తీయించిన ఇంగ్లీషు ఉత్తరం. "గిండ్ల ఏమున్నదో జెర చదివి చెప్పు సారూ, పోరి ఫోన్ల ఏడుస్తది గానీ ఏం చెప్తలేదు" అన్నారు.

ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కోడలిని పనికి పిలిపించుకున్న సంస్థకు స్పాన్సరు లైసెన్సు, అంటే విదేశీయులను పనిలో పెట్టుకునేందుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, రద్దయింది కనుక, 60 రోజుల్లోగా ఆమె మరో స్పాన్సరును చూసుకోవాలి, లేదంటే దేశం విడిచి వెళ్లాలి అన్నది దాని సారాంశం. నియమం తప్పింది సంస్థ, గడువు పడింది మాత్రం ఆమె మీద.

ఆమె కథను తేదీల వరుసలో పెట్టి చూస్తే యూరప్ వలస విధానాలలోని అసలు చిక్కు ఏమిటో నాకు స్పష్టంగా కనిపించింది. యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయి, కోవిడ్ నుంచి బయటపడిన తరువాత వృద్ధుల సంరక్షణకు మనుషులు దొరకక, బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో ఆ పనివారికి ఆరోగ్య, సంరక్షణ వీసాను తెరిచింది. 2023 ఆగస్టులో ఈ కుటుంబం ఒంటి మీది బంగారం అమ్మి, మిగిలింది అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసినప్పుడు, భర్తను, బిడ్డను కూడా తీసుకుపోవచ్చునని అతడు చెప్పిన మాట అప్పటికి నిజమే. ఆ డిసెంబరు 4న అక్కడి ప్రభుత్వం నియమాలను బిగిస్తున్నట్లు ప్రకటించింది. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే సంరక్షణ కార్మికులు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు లేకుండా పోయింది. వీళ్లకు సీవోఎస్, అంటే స్పాన్సరు ఇచ్చే ధ్రువపత్రం, చేతికొచ్చింది ఏప్రిల్‌లో. మిత్తి అప్పటికే ఎనిమిది నెలలుగా పెరుగుతున్నది కాబట్టి వెనక్కి తగ్గే దారి లేక, నాలుగేళ్ల బిడ్డను అత్త దగ్గర వదిలి ఆమె ఒక్కతే విమానం ఎక్కింది. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం శాశ్వత నివాసానికి అప్పటిదాకా ఉన్న ఐదేళ్ల గడువును పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. అదే ఏడాది జులై 22 నుంచి ఈ పనికి విదేశాల నుంచి మనుషులను తీసుకోవడమే ఆపేశారు. మూడున్నరేళ్లలో ఒకే పనికి ఇన్ని నియమాలు మారాయి. ఇక్కడ ప్రామిసరీ నోటు మీది మిత్తి మాత్రం మారలేదు: నూటికి 2 రూపాయల చొప్పున 10 లక్షలకు నెలకు 20 వేలు.

తన గడప లోపలికి ఎవరు రావాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉన్నది, దానిని నేను కాదనను. వలసలు తగ్గుతాయన్న హామీ మీద 2016లో యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోవాలని ఓటు వేసిన బ్రిటన్ ప్రజలు, 2023 నాటికి ఏడాది నికర వలస, అంటే వచ్చినవారిలోంచి వెళ్లిపోయినవారిని తీసేస్తే మిగిలే లెక్క, 9 లక్షలు దాటిందని విన్నప్పుడు తమను మోసగించారనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇంటి అద్దెలు, ఆసుపత్రుల్లో నిరీక్షణ వారికి రోజూ ఎదురయ్యే కష్టాలే. నా అభ్యంతరం కఠినత్వం మీద కాదు. నియమం ఎంత కఠినమైనదైనా ముందే తెలిస్తే మన ఇంటివాళ్లు లెక్క వేసుకుంటారు, కుదరకపోతే ఆగిపోతారు. పొలం కుదువ పెట్టి దారిలో ఉన్నవాడి కాళ్ల కింద నియమం మారితే అతడు ఏ లెక్క వేసుకోవాలి? ఒక నియమాన్ని నమ్మి డబ్బు కట్టి బయలుదేరిన వారికి ఆ నియమాన్నే చివరిదాకా వర్తింపజేయడం ఏ ప్రభుత్వానికీ మోయలేని భారం కాదు.

మెట్‌పల్లి దగ్గర పుట్టినవాడిని కనుక దేశం పోవడం అంటే ఏమిటో నాకు చిన్ననాటి నుంచీ తెలుసు. మా పెద్దన్న 22 ఏళ్లు దుబాయిలోనూ సౌదీలోనూ తాపీ పని చేసి, మోకాళ్ల నొప్పులతో తిరిగొచ్చి, ఊళ్లో స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. పనిచేసినంత కాలం ఉండి ఆ తరువాత ఇంటికి రావాలన్నది ఆ దేశాలు ఎన్నడూ దాచని మాట. యూరప్‌లో పరిస్థితి అలా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధపు గాయాల నుంచి 1950లో పుట్టిన యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక, పౌరుడు కాని మనిషికి కూడా కుటుంబ జీవితం మీద హక్కు ఉన్నదని చెబుతుంది, ఆ హక్కు కోసం కోర్టుకు పోయే వీలు కల్పిస్తుంది. అక్కడికి వెళ్లినవాడు కాలక్రమంలో పొరుగువాడవుతాడు, అతడి పిల్లలు అక్కడి బడిలో చదువుకుంటారు. పశ్చిమ జర్మనీ ఈ సంగతిని ఆలస్యంగా తెలుసుకున్నది. 1961లో తుర్కియేతో ఒప్పందం చేసుకుని "అతిథి కార్మికులు" అన్న పేరుతో మనుషులను రప్పించుకుని, చమురు సంక్షోభం వచ్చిన 1973లో నియామకాలు ఆపేసింది. అప్పటిదాకా వచ్చిపోతూ ఉన్నవారు, ఇప్పుడు పోతే మళ్లీ రానివ్వరేమోనన్న భయంతో అక్కడే ఉండిపోయి భార్యాబిడ్డలను పిలిపించుకున్నారు. తలుపు మూయడం వల్లనే జనం స్థిరపడ్డారన్న మాట! అక్కడ పుట్టిన విదేశీయుల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే చట్టం 2000లో గానీ అమలులోకి రాలేదు. ఆ మధ్యకాలంలో ఒక తరం పిల్లలు పుట్టిన దేశంలోనే పరాయివారిగా పెరిగారు. అదే జర్మనీ ఇప్పుడు మనుషుల కొరతతో మన నర్సులకు, ఇంజినీర్లకు 2024 జూన్ నుంచి, అక్కడికి వచ్చి ఉద్యోగం వెతుక్కునే వీలిచ్చే అవకాశ కార్డు ఇస్తున్నది. నయీంనగర్‌లో జర్మన్ భాష నేర్పే తరగతుల బోర్డులను చూసినప్పుడల్లా, ఈసారైనా వచ్చేవాడు ఉండిపోవచ్చునన్న ఎరుకతో పిలుస్తున్నారా అని ఆలోచిస్తాను.

శరణార్థుల విషయం ఇంకా క్లిష్టమైనది. యూరప్ దేశాలు 1990లో చేసుకున్న డబ్లిన్ ఒప్పందంతో మొదలైన పద్ధతి ప్రకారం, శరణార్థి దరఖాస్తును చాలా సందర్భాల్లో అతడు మొదట అడుగుపెట్టిన దేశమే విచారించాలి. పడవలు వచ్చేది ఇటలీకి, గ్రీసుకు. కనుక భౌగోళికంగా సముద్రం అంచున ఉన్న పాపానికి ఆ రెండు దేశాలే ఎక్కువ బరువు మోయవలసి వచ్చింది. 2013 అక్టోబరు 3న ఇటలీకి చెందిన లాంపెడూసా ద్వీపం దగ్గర ఒక్క పడవ మునిగి 368 మంది చనిపోయారు. 2015లో సముద్రం దాటి వచ్చినవారు 10 లక్షలకు పైగా ఉంటే, ఇటలీ, గ్రీసుల నుంచి 1,60,000 మందిని పంచుకుందామని మిగతా దేశాలు నిర్ణయించుకుని, చివరికి సుమారు 35 వేల మందినే తీసుకున్నాయి. పోలెండ్, హంగరీ, చెక్ దేశాలు తమ వంతు మోయకుండా చట్టాన్ని ఉల్లంఘించాయని యూరోపియన్ న్యాయస్థానం 2020లో తీర్పు చెప్పేనాటికి ఆ పథకమే ముగిసిపోయింది. 2024లో ఆమోదం పొంది 2026 జూన్ నుంచి అమలులోకి వచ్చే కొత్త ఒప్పందంలో, మనుషులను తీసుకోని దేశం తలకు 20 వేల యూరోల చొప్పున చెల్లించవచ్చు. దీనిని కొందరు బేరమని విమర్శిస్తున్నారు. మనసుకు నచ్చకపోయినా, ఎవరూ ఏమీ చేయని పాత స్థితి కంటే ఇది మెరుగని నా అభిప్రాయం.

పనికి న్యాయమైన తలుపు లేని చోట కూలికి పోయేవాడు కూడా శరణార్థుల వరుసలోనే నిలబడతాడు. 2022 చివరిదాకా భారతీయులు వీసా లేకుండా సెర్బియాకు వెళ్లగలిగేవారు. అక్కడి నుంచి దొంగదారిన ఆస్ట్రియా చేరి ఆ ఏడాది వేలాది మంది మనవాళ్లు శరణు కోరారు. 2023 జనవరి 1 నుంచి సెర్బియా ఆ వెసులుబాటును తీసేసింది. ఆ దరఖాస్తుల్లో దాదాపు అన్నీ తిరస్కరణకు గురయ్యేవే. అయితే వాటిని విచారించడానికి పట్టిన ప్రతి రోజూ, బాంబుల నుంచి పారిపోయి వచ్చిన సిరియా, అఫ్గానిస్తాన్ కుటుంబాల రోజులలోంచి కోసుకున్నదే. ఏజెంట్లు అమ్మే దొంగదారి మనవాళ్లను మాత్రమే కాక వారిని కూడా ముంచుతున్నది.

మన ప్రభుత్వాల బాధ్యతనూ చెప్పాలి. పదో తరగతి దాటనివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వం కాగితాలు చూసి ఇచ్చే అనుమతి, కావాలి, నర్సులనైతే 2015 నుంచి ఆ దేశాలకు ప్రధానంగా ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన ఉన్నది. యూరప్ దేశాలేవీ ఆ జాబితాలో లేవు. ఈ అమ్మాయి కువైట్ పోయి ఉంటే ఎవరో ఒక అధికారి ఆమె కాగితాలు చూసేవారు. ఇంగ్లండు కనుక ఏజెంటు మాట తప్ప మరో తనిఖీ లేకపోయింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ప్రతి ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. పెద్దమ్మ తెచ్చిన చిట్టీని తిరగేసి మరగేసి చూశాను, దాని మీద ఏ నంబరూ లేదు, సంతకం కింద తేదీ కూడా లేదు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల కలెక్టరు కార్యాలయాలలో ఇటువంటి కాగితాలను ఉచితంగా చదివి చెప్పే ఒక బల్ల ఉంటే ఎన్ని పొలాలు మిగిలేవో!

మధ్యాహ్నం అక్కడ తెల్లవారే వేళకు ఆ అమ్మాయితో ఫోనులో మాట్లాడాను. అదే ఏజెంటు మళ్లీ ఫోను చేసి, 4 లక్షలు పంపితే కొత్త సీవోఎస్ ఇప్పిస్తానన్నాడట. ఒక్క రూపాయి కూడా పంపవద్దని, ఆ పత్రాన్ని అమ్మడం అక్కడి నియమాలకు విరుద్ధమని గట్టిగా చెప్పాను. లైసెన్సు ఉన్న సంస్థల జాబితాను బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. దానిని తెరిచి ఆమె ఉంటున్న పట్టణానికి దగ్గరి సంరక్షణ సంస్థలను ఇద్దరం వెతికి, సాయంత్రానికి పదకొండు దరఖాస్తులు పంపాము. పెద్దమ్మ కాగితాలను అదే సంచిలో మడిచి పెట్టుకుని, పరకాల బస్సుకు వేళయిందని లేచి, గడప దగ్గర ఆగి, ఇంకా ఎన్ని రోజులున్నాయని అడిగారు. 37 రోజులున్నాయని చెప్పాను.