బైపీసీ చదివి ఫిజికల్ కెమిస్ట్రీలోకి: నా అనుభవం

ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో బీజడ్‌సీ చదివి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాను. బయోఫిజికల్ కెమిస్ట్రీ పేపర్ సిలబస్ చూడగానే మా క్లాసులో సగం మందికి లెక్కల టెన్షన్ పట్టుకుంది. లాగరిథమ్ అంటే పట్టికలు చూడటం వరకే తెలుసు, ఇంటిగ్రేషన్ అసలు చదవలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆదివారాలు వాడి దగ్గర కూర్చున్నాను. "అక్కా, ముందు యూనిట్లు రాయి, అంకెలు తర్వాత" అనేవాడు. జౌళ్లు, కిలోజౌళ్లు కలిసిపోకుండా అదే కాపాడింది.

అసలు మలుపు థర్మోడైనమిక్స్‌లో వచ్చింది. మేడమ్ బోర్డు మీద మేలేట్ నుంచి ఆక్సలోఎసిటేట్ వచ్చే చర్య రాసి, దాని ప్రామాణిక డెల్టా జీ (చర్య దానంతటది సాగుతుందో లేదో చెప్పే శక్తి మార్పు) మోల్‌కు +29.7 కిలోజౌళ్లు అన్నారు. ధన విలువ కాబట్టి ఆ చర్య ముందుకు సాగకూడదు. కానీ ఈ చర్య ఒక మెట్టుగా ఉన్న సిట్రిక్ ఆమ్ల వలయం, అంటే ఆహారం నుంచి శక్తి తీసే చర్యల చక్రం, మన కణాల్లో ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఎలా?

ప్రామాణిక విలువ అన్నీ ఒక మోలార్ గాఢతలో ఉన్నాయనుకుని ఇచ్చేది. కణంలో అలా ఉండదు. 37 డిగ్రీల దగ్గర, ఉత్పన్నాలకూ క్రియాజనకాలకూ ఉన్న నిష్పత్తి పది రెట్లు తగ్గిన ప్రతిసారీ డెల్టా జీ సుమారు 5.9 కిలోజౌళ్లు తగ్గుతుంది. నిష్పత్తి లక్షో వంతుకు పడితే ఆ 29.7 దాదాపు మొత్తం పోతుంది. ఆక్సలోఎసిటేట్‌ను తర్వాతి ఎంజైమ్ సిట్రేట్ సింథేజ్ ఎప్పటికప్పుడు వాడేస్తుంది కాబట్టి దాని గాఢత ఎప్పుడూ అతి తక్కువే. ఈ లెక్క నా చేత్తో నేను చేసుకున్న రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. డిగ్రీలో బాణం గుర్తులుగా బట్టీ పట్టిన వలయానికి కారణం కనిపించింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ విడిపోయే చర్య కూడా అంతే: దాని డెల్టా జీ పుస్తకంలో -30.5, కణంలోని గాఢతలు వేసి చూస్తే -50కి దగ్గరగా వస్తుంది.

ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫేట్ కొలిచాం. మాలిబ్డేట్‌తో నీలం రంగు తెప్పించే ఈ పద్ధతిని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్ కలిసి 1925లో ప్రకటించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుక్కున్నదీ వాళ్ళే. మన ఊళ్ళ నుంచి వెళ్ళిన మనిషి పద్ధతితో మన ల్యాబ్‌లో రీడింగ్ తీసుకోవడం నాకు గర్వంగా అనిపించింది.

ఎంజైమ్ కైనెటిక్స్ (ఎంజైమ్ చర్యల వేగాల లెక్క) అంత కష్టం కాలేదు. ఒక్క మాట: వేగానికీ గాఢతకూ విలోమాలు తీసి గీసే సరళరేఖ గ్రాఫ్‌లో తక్కువ గాఢతల దగ్గరి చిన్న తేడాలు చాలా పెద్దవైపోతాయి. కేఎం (వేగం గరిష్ఠంలో సగానికి చేరే గాఢత) విలువ కోసం కంప్యూటర్‌లో నేరుగా వక్రరేఖను అమర్చడమే మేలు.

పీహెచ్ అంతగా మారకుండా నిలిపే ద్రావణాలైన బఫర్ల పాఠం మాత్రం రోజూ పనికొస్తోంది. ట్రిస్ బఫర్ పీహెచ్ ఒక డిగ్రీ చల్లబడితే 0.03 దాకా పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేస్తే, 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో అది 8.6 అవుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో కలిపితే తేడా ఇంకా ఎక్కువ. అందుకే మా బాటిళ్ల మీద పీహెచ్ పక్కనే, దాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర సరిచేశామో కూడా రాస్తున్నాం.