9 కిలోల దగ్గర నిలబడని ముల్లు

నిన్న సాయంత్రం మా పైపులైను ప్రెషర్ టెస్టు పాసయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పని పెద్దదేం కాదు. రోడ్డు వారగా 300 ఎంఎం డీఐ (డక్టైల్ ఐరన్, సాగే రకం ఇనుము) పైపుతో 640 మీటర్ల మంచినీటి లైను. రోడ్డు తవ్వకానికి పర్మిషన్ అనుకున్న రోజుకే వచ్చింది. తవ్వకమూ సాఫీగా సాగింది. మీటరున్నర లోతు దాటిన ప్రతిచోటా షోరింగ్, అంటే గోడలు కూలకుండా పలకల ఆసరా, కట్టించాను. "గట్టి నేలే కదండీ, దండగ ఖర్చు" అన్నవాళ్లున్నారు. ఘనమీటరు మట్టి టన్నున్నర తూగుతుంది, మీద పడితే మనిషిని బయటికి లాగే టైమ్ కూడా ఉండదు. ఇరవై ఏళ్లలో నా ట్రెంచ్‌లో ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. గొప్పకే చెబుతున్నా.

డ్రాయింగులో లేని కరెంటు కేబుల్ ఒకటి, కింద ఏముందో చూడ్డానికి ముందుగా తవ్వే ట్రయల్ పిట్‌లో బయటపడింది. చేత్తో తవ్వించబట్టి బతికిపోయాం. కింద నుంచి పోవాలంటే ఇంకా లోతు తవ్వాలని, బెండ్లు వేసి పైపును కేబుల్ మీదుగా ఎక్కించి దించాం. పర్యవేక్షణ ఇంజనీరు చూసి "కానివ్వండి" అన్నాడు. నోటిమాటే.

అసలు బాధ టెస్టు దగ్గర మొదలైంది. లైను నడిచే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు, టెస్టు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 9. ఆ ప్రెషర్‌కి మూసిన చివర మీద దాదాపు 7 టన్నుల తోపుడు పడుతుంది కాబట్టి ఆ తోపుడును ఆపే థ్రస్ట్ బ్లాకుల కాంక్రీటు గట్టిపడేదాకా ఆగాను. నీళ్లు నింపాక మాత్రం ఆగలేదు. లోపలి సిమెంటు పూత నీళ్లు పీల్చుకుంటుంది, ఒకరోజు నిండుగా వదిలేయాలి. తెలిసీ తొందరపడ్డాను. గంటలో ప్రెషర్ గేజ్ ముల్లు ఏడున్నరకు దిగింది.

మర్నాడు మళ్లీ పంపు కొట్టాం. మళ్లీ దిగింది. అప్పుడన్నాడు ఇంజనీరు, నా కూలీల ముందు: "పైపులు వేయడం మీకు కొత్తా?" నా కొడుకు వయసు కూడా ఉండదు. జాయింట్లన్నీ తెరిచి చూపించమన్నాడు. చాలావరకు మట్టి పూడ్చకుండా తెరిచే ఉన్నాయి, రోడ్డు దాటే చోట పూడ్చిన 14 మళ్లీ తవ్వాం. రబ్బరు రింగులన్నీ సరిగ్గానే కూర్చున్నాయి. ఎక్కడా చెమ్మ లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పంపు కొట్టే పెద్దాయన తేల్చాడు. "బాబూ, ఎంత కొట్టినా ముల్లు బద్ధకంగా ఎక్కుతోంది. లోపల గాలుంది." నిండా నీళ్లే ఉంటే ముల్లు చకచకా ఎక్కాలి. గాలి ఉంటే నొక్కుకుపోతుంది, మెల్లగా నీళ్లలో కరుగుతుంది, ముల్లు దిగుతుంది, లీకేమో అని మనం తవ్వుకుంటూ కూర్చుంటాం. గాలి ఎక్కడుందో అడగక్కర్లేదు. కేబుల్ మీద నేను పెట్టిన గూనిలో! అక్కడ గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు లేదు.

ప్రెషర్ దించి, గూని మీద సాడిల్ (పైపును చుట్టి పట్టే పట్టీ) బిగించి, దానికి చిన్న కుళాయిలాంటి కాక్ పెట్టి, మళ్లీ నీళ్లు పట్టి కాక్ తిప్పాం. చాలాసేపు బుస్సుమంది. తర్వాత పాలలాంటి నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. ఈసారి 9 దగ్గర ముల్లు నిలబడింది.

సంతకం పెడుతూ ఇంజనీరు నా ముఖం చూడలేదు. పైగా యాజ్-బిల్ట్ (వేసింది వేసినట్టు చూపే) డ్రాయింగులో గూని చూపించొద్దన్నాడు, మార్పులు రాయడం తలనొప్పట. చూపించాను. లోతు, కేబుల్‌కి ఉన్న దూరం, టేపు పెట్టి తీసిన ఫొటో, అన్నీ జతచేశాను. ఇలాంటి "కానివ్వండి" మీకూ వినిపిస్తే అప్పటికప్పుడే సైట్ రిజిస్టరులో రాయించుకోండి.

గూని మీద పర్మనెంటు ఎయిర్ వాల్వు వచ్చే వారం బిగిస్తున్నాం. దాని డబ్బు ఎవరివ్వాలన్నది ఇంకా తేలలేదు.