ట్రీ గ్రాఫ్‌ల ఐగెన్ విలువలు చేత్తో లెక్కకట్టడం: నా అనుభవం

ఎమ్మెస్సీ సెమినార్‌కి ట్రీల ఐగెన్ విలువలు టాపిక్‌గా తీసుకున్నాను. ట్రీ అంటే శీర్షాలు (చుక్కలు), వాటిని కలిపే అంచులు (గీతలు) ఉండి, ఎక్కడా సైకిల్, అంటే చుట్టు తిరిగి మొదటికొచ్చే దారి, లేని ఒకే ముక్క బొమ్మ. ఏ రెండు శీర్షాల మధ్య అంచు ఉందో 1, 0లతో రాసిన పట్టిక దాని మాట్రిక్స్; కొన్ని ప్రత్యేక వెక్టర్లని ఆ మాట్రిక్స్ ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్యలే ఐగెన్ విలువలు. కంప్యూటర్‌కి మాట్రిక్స్ ఇస్తే సంఖ్యలు వచ్చేస్తాయి, కానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో బోర్డు మీద చూపించాలి కదా, టెన్షన్ అంతా అక్కడే.

మొదట లాక్షణిక బహుపది పట్టుకున్నాను, దాని మూలాలే ఐగెన్ విలువలు. ట్రీలో సైకిల్స్ ఉండవు కాబట్టి డిటర్మినెంట్ విప్పితే మిగిలేవి ఒకదానికొకటి తగలని అంచుల గుంపులే, అంటే మ్యాచింగ్‌లు. వాటిని లెక్కపెడితే గుణకాలు వచ్చేస్తాయి. అందంగానే ఉంటుంది గానీ ట్రీ కాస్త పెద్దదైతే ఆ బహుపదికి మూలాలు కనుక్కోవడం మళ్ళీ ఇంకో తలనొప్పి.

గట్టెక్కించింది జేకబ్స్, ట్రెవిసాన్ అనే గణిత పరిశోధకులు 2011లో ఇచ్చిన పద్ధతి. మాట్రిక్స్ రాయనే అక్కర్లేదు, పనంతా బొమ్మ మీదే. 1కి అటూ ఇటూ ఎన్ని ఐగెన్ విలువలున్నాయో కావాలనుకోండి: ఒక శీర్షాన్ని రూట్‌గా, అంటే అన్నిటికన్నా పైన, పెట్టుకుని (ఏ శీర్షానికైనా కింద నేరుగా కలిసినవి దాని పిల్లలు, పిల్లలు లేనివి ఆకులు), అన్నిటి మీదా -1 రాసి, ఆకుల నుంచి పైకి వస్తూ ప్రతి శీర్షం నుంచి దాని పిల్లల విలువల వ్యుత్క్రమాలు తీసేస్తూ పోవాలి. చివర్లో ధన సంఖ్యలు ఎన్నుంటే 1 కంటే పెద్దవి అన్ని, రుణ సంఖ్యలు ఎన్నుంటే చిన్నవి అన్ని, సున్నాలు ఎన్నుంటే 1 అన్నిసార్లు ఐగెన్ విలువ అన్నమాట. వెనకున్నది సిల్వెస్టర్ ఇనర్షియా సూత్రమే: సౌష్ఠవ మాట్రిక్స్‌లో అడ్డు వరసలకీ నిలువు వరసలకీ ఒకే మార్పు చేస్తూ పోతే ధన, రుణ, సున్నా ఐగెన్ విలువలు ఎన్నెన్ని అన్న లెక్క మారదు.

చిక్కల్లా మధ్యలో సున్నా వచ్చినప్పుడే, భాగించలేం. అప్పుడు ఆ పిల్లకి 2, తల్లికి -1/2 రాసి, తల్లికీ దాని పై శీర్షానికీ మధ్య అంచు కొట్టేయాలి. ఈ 2, -1/2 ఎక్కడి నుంచి ఊడిపడ్డాయా అని చాలాసేపు బుర్ర గోక్కున్నాను. ఆ పిల్ల, తల్లి కలిసిన 2×2 ముక్క డిటర్మినెంట్ -1, కాబట్టి ఒకటి ధనం, ఒకటి రుణం కాక తప్పదు. ఈ రెండిటి లబ్ధం కూడా -1 అని చూశాక గానీ మనసు ఒప్పుకోలేదు.

నాలుగు శీర్షాల పాత్‌ని, అంటే శీర్షాలన్నీ ఒకే వరసలో ఉన్న ట్రీని, చివరి శీర్షం రూట్‌గా చేసి చూడండి: ఆకు -1, దాని పైది 0. సవరించాక వరసగా -1, 2, -1/2, -1. ధనం ఒక్కటే. అసలు విలువలు ±0.618, ±1.618, 1ని దాటింది నిజంగా ఒక్కటే! ఇంకా దగ్గరగా కావాలంటే 1 బదులు 1.5, 1.7 అంటూ బిగించుకుంటూ పోవడమే.

అయితే ఇన్ని విలువలు రాబట్టినా వాటినిబట్టి ట్రీని గుర్తుపట్టగలం అనుకోకండి. 8 శీర్షాల్లోనే వేరువేరు ఆకారాలున్న రెండు ట్రీలకి అవే ఐగెన్ విలువలు వస్తాయని కొల్లాట్జ్, సినోగోవిట్జ్ 1957లోనే చూపించారు. దాదాపు ప్రతి ట్రీకీ ఇలాంటి జోడీ ఉంటుందని 1973లో ష్వెంక్ నిరూపించాడు. ఆ నిరూపణ జోలికి మాత్రం నేను పోలేదు, సెమినార్ టైమ్ సరిపోదు.