ఐదులో మూడా, నాలుగా: ఇంటర్నల్ మార్కులతో నా అనుభవం

2014-15లో తెలంగాణలో పదో తరగతి మూల్యాంకనం మారినప్పుడు నేను మా మండలంలో గణితానికి రిసోర్స్ పర్సన్‌గా, అంటే తోటి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే వ్యక్తిగా పనిచేశాను. వంద మార్కుల్లో 80 పబ్లిక్ పరీక్షకు, మిగతా 20 బడిలోనే ఉపాధ్యాయులు ఏడాది పొడవునా చేసే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాల (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల) సగటుకు కేటాయించారు. ఈ 20నే ఇంటర్నల్ మార్కులంటాం. ఒక్కో మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అనే నాలుగు అంశాలకూ ఐదేసి మార్కులు. శిక్షణలో ఈ పట్టిక అందరికీ అర్థమైంది కానీ, ఐదులో మూడు ఎవరికి, నాలుగు ఎవరికి అన్నది మాత్రం తేలలేదు.

అందుకే చుట్టుపక్కల బళ్ల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఉపన్యాసం మానేసి, ఒక విద్యార్థి నోటుపుస్తకాన్ని పేరు కనిపించకుండా జిరాక్స్ తీయించి, గణితోపాధ్యాయులందరినీ విడివిడిగా దిద్దమన్నాను. ఒకే పేజీకి రెండు నుంచి ఐదు దాకా మార్కులు పడ్డాయి. "గైడులో లేని పద్ధతిలో సొంతంగా చేశాడు, అందుకే ఐదు వేశాను సార్" అని ఒకరంటే, "మెట్లే సరిగా లేనప్పుడు మూడుకు మించి ఎలా వేస్తాం?" అని ఒక సీనియర్ మేడం నిలదీశారు. ఆ వాదన మధ్యాహ్న భోజనం దాటి సాగింది. చివరికి చేతిరాత అందానికి మార్కు లేదని, సొంత ఆలోచన కనిపిస్తే నాలుగుకు తగ్గకూడదని రాసుకున్నాం.

ప్రాజెక్టుల సంగతి వేరు. గైడు చూసి ఎక్కించిన అట్టలే అన్ని బళ్లలోనూ కనిపించేవి. సాంఖ్యక శాస్త్రం పాఠానికి వీధిలోని ఇళ్ల కరెంటు బిల్లులు సేకరించి సగటు, మధ్యగతం కట్టించి, మార్కు వేసే ముందు ఆ లెక్క మీదే రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక కొంత మార్పు వచ్చింది. భాగస్వామ్యం గడిని నెలాఖరున ఒకేసారి నింపకుండా పీరియడుకు నలుగురైదుగురిని గమనించి రాయమన్నాను. పెద్ద తరగతులున్నవారికి అదీ భారమే.

అందరికీ ఇరవైకి ఇరవై వేసే బళ్ల మధ్య నిజాయితీగా పద్నాలుగు వేస్తే మా పిల్లల గ్రేడు పడిపోతుందని ఉపాధ్యాయులు అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. బళ్లు వేసిన మార్కులను సరిచూసే మోడరేషన్ బృందాలు రికార్డులు చూసేవి కానీ, రికార్డు చక్కగా ఉండటం వేరు, మార్కు సరిగా ఉండటం వేరు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంటర్నల్ మార్కులను తీసివేసింది. 2024 నవంబరులో తెలంగాణలోనూ వాటిని ఎత్తివేస్తూ ప్రకటన వచ్చి, ఆ ఏడాదికి వర్తించదని వెంటనే సవరణ వెలువడినప్పుడు, "ఇక ఈ రికార్డులెందుకు సార్?" అని ఫోన్లు వచ్చాయి. ఆ ఏడాది పిల్లలకు 20 మార్కులు ఉన్నాయి కాబట్టి ఆపవద్దని చెప్పాను. తరువాతి సమావేశంలో పిల్లల జవాబుపత్రాలు ముందు పెట్టుకుని, సమస్యా సాధన ప్రశ్నల్లో ఏ మెట్టుకు ఎన్ని మార్కులో తేల్చే పనికి కూర్చున్నాం.