జోడీ దొరకని పరమాణువులు

స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగప్పుడు ఇచ్చేవాళ్లు ఎక్కువై పుచ్చుకునేవాళ్లు తగ్గితే, మిగిలినోళ్లు గట్టునే నిలబడాలి కదా. అసమతుల్య ఫెర్మీ వాయువు (జంట కట్టాల్సిన రెండు రకాల పరమాణువుల లెక్క సమంగా లేని వాయువు) గురించి చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి పోలిక తట్టలేదు.

లిథియం-6 పరమాణువుల్ని రెండు స్పిన్ స్థితుల్లో (రెండు రకాలనుకోండి) పెట్టి, అయస్కాంత క్షేత్రాన్ని 832 గాస్ దగ్గరికి తెచ్చి బాగా చల్లబరిస్తే జంటలు కట్టి సూపర్‌ఫ్లూయిడ్ (రాపిడి లేకుండా పారే ద్రవం) అవుతాయి. ఒక స్థితిలో లెక్క పెంచారనుకోండి, జంటలు నడిమధ్య చేరతాయి, మిగులు చుట్టూ పెంకులా ఉండిపోతుంది. ఎంఐటీ, రైస్ బృందాలు 2006లో చూపించిందిదే.

అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు తిరిగినట్టు వీటినీ తిప్పి చూద్దామంటే తిరకాసు ఇక్కడుంది. వీటికి ఛార్జి లేదు, లోరెంజ్ బలం (కదిలే ఛార్జిని అయస్కాంత క్షేత్రం పక్కకు నెట్టే బలం) పుట్టదు. అందుకే పరమాణువుల్ని పట్టి ఉంచే ట్రాప్‌ని లేజర్‌తో కలియతిప్పుతారు. తిరుగుడులో పుట్టే కొరియోలిస్ బలం లోరెంజ్ బలం పని చేస్తుంది. తిప్పే వేగం రెట్టింపైతే అలా పుట్టిన కృత్రిమ అయస్కాంత క్షేత్రమూ రెట్టింపే. పెంకు మామూలు ద్రవంలా తిరుగుతుంది. నడుమ భాగం మాత్రం మొండిది! వేగం ఒక హద్దు దాటితేగానీ సుడులు పుట్టవు. ఆ సుడులే సూపర్‌ఫ్లూయిడ్‌కి సాక్ష్యం. అసమతుల్యత మరీ పెరిగితే అవీ మాయం.

తిప్పడం మానేసి రామన్ లేజర్లు (పరమాణువుని ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మార్చే లేజర్ జంట) వాడొచ్చుగా అంటారు. లిథియంలో డి1, డి2 గీతల (పరమాణువు కాంతిని మింగే రెండు పక్కపక్క పౌనఃపున్యాలు) మధ్య ఎడం 10 గిగాహెర్ట్జే. ఎడం ఇంత తక్కువైతే లేజర్‌ని ఆ గీతలకు దగ్గరగానే పెట్టాలి, దాంతో పరమాణువులు ఫోటాన్లు మింగి కక్కుతూ వేడెక్కుతాయి, జంటలు విడిపోతాయి. పొటాషియం-40లో ఆ ఎడం 1.7 టెరాహెర్ట్జ్, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.